తాళం బయట, మనిషి లోపల

ఆమె మొహాన్ని ఫ్లెక్సీ మీద చూశాను. పొద్దున డ్యూటీకి పోయే షేర్ ఆటోలో సగం సీటు మీద కూర్చుని ఉన్నాను. పాశమైలారం ఫ్యాక్టరీలకు పోయే దారిలో ఒక పొడుగు గోడ ఉంది. గోడ లోపల రేకుల రూములు వరసగా ఉంటాయి. ఆ గోడకే ఫ్లెక్సీ కట్టారు. పూలదండ మధ్యలో ఆమె. నుదుటి నిండా బొట్టు, ఒక పక్క ఉబ్బిన బుగ్గ. ఫొటో దిగేటప్పుడు కూడా వక్క ఉమ్మలేదన్నమాట! నాకు నవ్వొచ్చింది. దండ ఎందుకు వేశారో ఆ తరువాత తట్టింది.

ఫొటో కింద పెద్ద అక్షరాలతో పేరుంది. నాకు చదువు అంతంత మాత్రం. కూడబలుక్కుంటే చదవగలను, బస్సు బోర్డులు అట్లాగే చదువుతాను. మనుషులను ఎక్కించుకోవడానికి ఆటో అక్కడ ఆగింది కూడా. నేను మొహం తిప్పుకున్నాను. ఇన్నేళ్లూ ఆమె పేరు నాకు తెలియదు, నా పేరు ఆమెకు తెలియదు. అది ఆమె పెట్టిన కట్టుబాటు. నేను చెప్తుంటే ఇది రాసిపెడుతున్న మేడం, "పేరు మార్చి రాద్దామా?" అంది. మార్చడానికి అసలు పేరు తెలియాలి కదా.

ఆ రోజంతా క్యాంటీన్‌లో గిన్నెలు తోముతూ ఒకటే ఆలోచన. ఆ గేటు లోపలికి పోవాలి. ఆమె తిరిగిన చోట కాసేపు కూర్చుని రావాలి. పోతే మాత్రం "ఎవరు నువ్వు, ఆమెకు ఏమవుతావు?" అని అడుగుతారు. మా ఇద్దరికీ ఉన్న చుట్టరికం ఒక్కటే. సంగారెడ్డిలో సర్కారు దవాఖాన, దాని వెనక వైపు హెచ్‌ఐవీ మందులు ఇచ్చే గది, ఆ గది ముందు బెంచీ. అది చెబితే చచ్చిన మనిషి గుట్టు వాళ్ల ఇంటివాళ్ల ముందు పడుతుంది. దాని వెంబడే నాదీ పడుతుంది. నా గుట్టు తెలిస్తే క్యాంటీన్‌లో గిన్నె ముట్టనివ్వరు. ఓనర్ రూము ఖాళీ చేయమంటాడు. చెప్పకపోతే నేను గేటు దగ్గర నిలబడ్డ దారిన పోయే మనిషిని.

నా మొగుడు లారీ నడిపేవాడు. ఆయన పోయాకనే నాకు పరీక్ష చేశారు. ఆ బెంచీ మీద మొదటిసారి కూర్చున్ననాడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. ఒక పెద్దామె వచ్చి నా పక్కన దబ్బున కూర్చుంది.

"ఎవరన్న సచ్చిన్రా?" అంది.

"మా ఆయన."

"ఎప్పుడు?"

"పోయిన ఎండకాలం."

"మరి ఇప్పుడెందుకు ఏడుస్తున్నవే?"

"నాకు గూడ వచ్చిందంటున్నరు."

"వస్తె? ఈడ కూసున్నోళ్లందరికి వచ్చిందే. నేనేమన్న జాతరకొచ్చిన్నా?" అని బొడ్లో సంచీ తీసి, వక్క పలుకొకటి నా చేతిలో పెట్టింది. "ఇగో, నములు. ఏడుపు, వక్క రెండు ఒక్కపారి నోట్ల పట్టయి."

నిజంగానే పట్టలేదు. వక్క నమిలాను.

ఆ రోజే కట్టుబాటు చెప్పింది. "పేరు అడగకు. ఊరు అడగకు. ఈ గేటు లోపల నువ్వు నా సెల్లెవు. గేటు దాటినవా, నువ్వెవరో నేనెవరో. అంగట్ల ఎదురుపడ్డా మొఖం సూడకు. మంచిగున్నవా అని గూడ అడగకు. అడిగితె పక్కనోళ్లు 'ఎట్ల ఎరుక మీకు?' అంటరు. అప్పుడు ఇద్దరం అబద్ధం చెప్పాలె. ఇద్దరి అబద్ధాలు ఎన్నడు కలవయి."

ఒకసారి నిజంగానే ఎదురుపడ్డాము. పటాన్‌చెరు కూరగాయల అంగట్లో ఒక్క వంకాయల కుప్ప మీద ఆమె చెయ్యి, నా చెయ్యి పడ్డాయి. ఆమె నన్ను చూడలేదు. అమ్మేవాడితో కయ్యం పెట్టుకుని, గెలిచి, సంచీ ఊపుకుంటూ పోయింది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు దిగులు పడ్డాను. ఈ లోకంలో నా సంగతి తెలిసి నాతో నవ్వే మనిషి ఒక్కతే. ఆ మనిషి నన్ను రాయిని చూసినట్టు దాటిపోయింది. మళ్లీ బెంచీ మీద కలిసినప్పుడు కూర్చోకముందే అందుకుంది.

"ఆ వంకాయలు పుచ్చులే పిల్లా! ఏరుకోనీకె రాదా నీకు? చెప్దామంటె నోరు కట్టేసుకున్న. ఎంత పరేషాన్ అయిన్నో!"

ఆమెకు రూములున్నాయని, ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలకు కిరాయికి ఇస్తుందని మాటల్లో తెలిసింది. ఎక్కడో నేను అడగలేదు. నడుముకు తాళంచెవుల గుత్తి ఉండేది. దవాఖాన గేటు దాటి లోపలికి రాగానే దాన్ని చేతిరుమాలులో చుట్టి గట్టిగా ముడివేసేది, చప్పుడు కాకుండా. మళ్లీ బయట రోడ్డు మీదికి పోయాకే విప్పేది. మాత్రల సీసా విషయంలోనూ అంతే. సీసా ఇవ్వగానే దాని మీది కాగితం గోటితో గీకేసి, మూత తీసి లోపల దూది కుక్కేది.

"నువ్వు గూడ వెట్టు. సంచిల గలగల అంటె బస్సుల పక్కన కూసున్నామె 'ఏం గోలీలు?' అంటది. బీపీ అని చెప్తవు. మా అత్తకు గూడ బీపీనే, సూపియ్యి అంటది. అప్పుడేం జేస్తవు?"

మాత్రను ఆమె వాచ్‌మన్ అనేది. రాత్రి తిన్నాక దాన్ని అరచేతిలో పెట్టుకుని "ఇగ పో, డ్యూటీ ఎక్కు" అని నోట్లో వేసుకుంటుందట. ఆ మాట నాకూ అలవాటైంది. ఇంట్లో ఇంకో గొంతు లేదు కాబట్టి పైకే అంటాను.

కొన్నేళ్లకు నా రక్త పరీక్ష రిపోర్టు చూసి డాక్టర్ సారు నవ్వాడు. వైరస్ కనబడలేదన్నాడు. నా చెవిలో పడ్డది "లేదు" ఒక్కటే. ఆయన ఇంకా చెప్పాడు, పాపం, ఓపికగానే చెప్పాడు.

"కనబడలేదంటే పోయిందని కాదమ్మా. మన ఒంట్లో జబ్బులతో కొట్లాడే కణాలుంటాయి. ఈ వైరస్ వాటిలోనే దూరుతుంది. ఆ కణాల్లో కొన్ని ఏళ్ల తరబడి నిద్రపోతాయి. వాటి లోపల వైరస్ కూడా నిద్రపోతుంది. అది లేచి పెరగబోతే మాత్ర అడ్డుకుంటుంది. పడుకుని ఉన్నప్పుడు మాత్రకూ చిక్కదు, ఈ పరీక్షకూ దొరకదు. మాత్ర ఆపితే మాత్రం ఎప్పుడో ఒకటి లేస్తుంది. ఒక్కటి లేచినా చాలు, మళ్లీ ఒళ్లంతా నిండుతుంది. అర్థమైందా?"

అర్థమైందని తల ఊపాను. రెక్కలొచ్చినట్టు బయటికొచ్చి బెంచీ మీద ఆమెకు చెప్పాను.

"అక్కా, నాకు పోయింది! ఈ ఆయితారం చర్చిల సాక్ష్యం చెప్తున్న."

ఆమె నములుడు ఆపింది. నన్నొకసారి ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాను. ఎన్నడూ అడగని మాట అడిగింది.

"ఏ ఊరి చర్చి?"

చెప్పాను. ఆమె లేచి మందుల కిటికీ దగ్గరికి పోయింది.

మా అత్తగారి ఊరు జిన్నారం దిక్కు. ఊళ్లో చిన్న చర్చి, ఆదివారాలు నేను అక్కడికే పోతాను. ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరిలో చెప్పాలి. రోగం పేరు చెప్పనక్కర్లేదు. "పెద్ద రోగం" అంటే చాలు, ఎవరూ గుచ్చి అడగరు. కానీ సాక్ష్యమంటే కట్టుబడే మాట. దేవుడు బాగుచేశాడని అందరి ముందు చెప్పిన నోటితో మళ్లీ చాటుగా మాత్ర మింగితే దేవుడి ముందు అబద్ధమాడినట్టే. అందుకని సాక్ష్యం చెప్పిన రోజే మాత్ర బంద్ చేయాలనుకున్నాను. సాక్ష్యం ఉందని పాస్టరు గారికి ముందే చెప్పాను. ఆయన మంచి మనిషి. ఏ రోగమని అడగలేదు.

ఆదివారం ఆరాధన మధ్యలో తలుపు దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. నా పక్కనామె మోచేత్తో పొడిచింది. "ఎవరే గామె? బొట్టు సూడు, బండిచక్రమంత!"

తిరిగి చూస్తే ఆమె. జరీ అంచు చీర కట్టుకుని, చేతిరుమాలు చుట్టిన గుత్తిని ఒళ్లో పెట్టుకుని ఆఖరి చాప మీద కూర్చుంది. ఇక్కడ అందరి ముందు నన్ను పలకరిస్తుందా? నా సంగతి అనేస్తుందా?

మా చర్చిలో కొత్తగా వచ్చినవాళ్లను లేచి రెండు మాటలు చెప్పమంటారు. పాస్టరు గారు ఆమె వైపు చెయ్యి చాపారు. "సోదరీ, మొదటిసారి వచ్చినట్టున్నారు. దేవుడు మీకు చేసిన మేలు ఏదైనా ఉంటే చెప్పండి."

ఆమె లేచింది. "దండాలు సారూ" అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"నాకు రూములున్నయి సారూ. ఫ్యాక్టరీల పిల్లలకు కిరాయికిస్త. బీహారోళ్లు, ఒడిశావోళ్లు. ఒక్క రూముల ఇద్దరుంటరు. ఒకనికి పగలు డ్యూటీ, ఒకనికి రాత్రి డ్యూటీ. పొద్దుగాల పోయెటోడు బయట తాళమేసి పోతడు. రాత్రి చేసొచ్చినోడు లోపల పండుకుంటడు. ఎవ్వరు తట్టొద్దని వాడే తాళమెయ్యమంటడు."

"అట్లనా?" అన్నారు పాస్టరు గారు. ఈ మాట ఎటు పోతుందో ఆయనకు అంతుబట్టలేదు.

"ఒకపారి ఆఖరి రూముకు ఎప్పుడు సూసినా తాళమే. చప్పుడు లేదు, లైటు లేదు. ఖాళీ చేసి పోయిన్రనుకున్న. కొత్తగ పెండ్లైన జంట వస్తె ఆ రూమిస్తనన్న. గిన్నెలు, బియ్యం, దేవుని పటం పట్టుకోనొచ్చిన్రు. నా దగ్గరున్న చెవితోని తీసిన. లోపలంత చీకటి. ఆ పిల్ల పాలు పొంగిద్దామని కుడికాలు పెట్టింది సారూ, చాప మీదికెల్లి ఒకడు లుంగీ పట్టుకోని 'చోర్! చోర్!' అని లేచిండు. పాలగిన్నె ఆడ పడ్డది. పెండ్లికొడుకు పిల్లను ఇడిసిపెట్టి రోడ్డు దాక ఉరికిండు!"

చర్చి అంతా ఘొల్లుమంది. పాస్టరు గారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

"నవ్వుండ్రి. నేను గూడ నవ్విన. గని అప్పుడు తెలిసింది సారూ, కనబడకుంటె లేనట్టు కాదు. తాళం బయట ఉంటె లోపల మనిషి లేడనుకోవద్దు. వాడు పండుకుండు, గంతే. ఎన్నడో ఒకనాడు లేస్తడు. అప్పట్సంది నేను ఉత్త తాళం జూసి ఏ రూము ఖాళీ అనుకోను. దినాం పోయి కాసుకుంట. గిదే సారూ. నాకు సాక్ష్యం గీక్ష్యం చెప్పనీకె రాదు."

కూర్చుంది. మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. పాస్టరు గారు గొంతు సవరించుకుని, మనమంతా మెలకువగా ఉండాలని ఈ సోదరి చక్కగా చెప్పిందన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేకపోయాను. డాక్టర్ సారు చెప్పిన మాటలన్నీ అప్పుడు ఒకటి వెనక ఒకటి నా చెవుల్లోకి వస్తున్నాయి. నిద్రపోయే కణాలు. లోపల నిద్రపోయే వైరస్. నా ఒంట్లో చీకటి రూము, దాంట్లో చాప, చాప మీద ఎవడో.

"ఇప్పుడు మన సోదరి సాక్ష్యం" అని నన్ను పిలిచారు.

లేచాను. ఆమె పైన తిరిగే ఫ్యాన్ వైపు చూస్తోంది.

"దేవుడు నన్ను ఈడిదాక బతికిచ్చిండు. ఇంక గూడ బతికియ్యాలని నా కోసం ప్రార్థన చేయుండ్రి" అన్నాను. కూర్చున్నాను.

చర్చి బయట ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగారు. ఆ పెండ్లికొడుకు మళ్లీ వచ్చాడా అని అడుగుతున్నారు. నేను గోడ పక్కన నిలబడ్డాను. ఆమె నా ముందు నుంచే పోయింది, అంగట్లో వంకాయలనాడు పోయినట్టే. కాకపోతే నా దగ్గరికి రాగానే చేతిరుమాలు ముడి విప్పింది. తాళంచెవులు గలగలమన్నాయి. అట్లా గలగలమనిపించుకుంటూనే ఆటో ఎక్కింది.

మళ్లీ బెంచీ మీద కలిసినప్పుడు అన్నాను, "అందరు నీ బొట్టునే సూసిన్రు అక్కా. చిన్నది పెట్టుకోని రాకపోతివా?"

"ఎందుకే? మీ దేవుడు బొట్టు కొలుస్తడా?"

ఆ తరువాత వక్క పలుకు తీసి, నోట్లో వేసుకోకుండా చేతిలోనే పట్టుకుంది.

"నాకు గూడ మొదలు గట్లనే చెప్పిన్రు, కనబడలేదని. ఎల్లమ్మకు బోనం జేసి, సీసా చెత్తల పారేసిన. కొన్ని దినాలు గుర్రం లెక్క తిరిగిన. అటెన్క జెరం, నోట్ల పుండ్లు. మంచం పట్టిన. మా ఇంటోళ్లు టైఫాయిడ్ అనుకున్నరు. నన్ను ఆపనీకె ఎవ్వరు రాలె సెల్లె. ఎవ్వరికి తెలుసని వస్తరు?"

ఇంకోసారి డాక్టర్ సారునే పట్టుకుంది. "పండుకున్నోన్ని లేపి బయటికి గుంజే మందు లేదా సారూ?"

"వెతుకుతున్నారమ్మా. లేపే మందులు కొన్ని పరీక్షించారు. కొన్ని లేస్తున్నాయి, లేచినవి కూడా చావడం లేదు. ఒక్కటి మిగిలినా కష్టమే."

"అయితే లేపకుండ్రి సారూ, పండుకోనియ్యిండ్రి. నేను కావలుంట" అని మాత్రల సీసా మూత తీసి, దూది ఉందో లేదో చూసుకుంది.

పోయిన వానాకాలం నుంచి ఆమె బెంచీ మీద కనబడలేదు. ఎవరని అడగాలి? "పెద్ద బొట్టు పెట్టుకునే అక్క వస్తలేదు" అని నర్సమ్మను అడిగాను. ఇంకొకరి సంగతి చెప్పకూడదమ్మా అంది. ఆమె చెప్పింది సబబే. నా సంగతి ఎవరైనా అడిగినా అట్లాగే అనాలి. నేను గోడ వైపు ఆమె చోటు వదిలేసి కూర్చునేదాన్ని. కొత్తవాళ్లెవరో వచ్చి అందులో కూర్చునేవాళ్లు.

అంతలో ఈ ఫ్లెక్సీ. నేను రోజూ పోయే దారిలోనే, రోజూ చూసే గోడ మీదనే. ఇన్నేళ్లూ ఆ గోడ లోపలే ఉందని నాకు తెలియదు. ఆటోలో పోయే నన్ను ఆమె చూసిందేమో. చూసినా పిలవదు.

మరునాడు క్యాంటీన్‌కు సెలవు పెట్టి పోయాను. ఆ రోజే ఆమె దినాలట, పెద్దకర్మ. గేటు లోపల షామియానా వేశారు, వంటలు అవుతున్నాయి. లోపలికి పోనూ లేను, వెనక్కి పోనూ లేను. అట్లా నిలబడితే గుండు చేయించుకున్న మనిషి ఒకాయన వచ్చాడు. బుగ్గలు ఆమెవే. కొడుకని చెప్పక్కర్లేదు. చేతిలో ఆ గుత్తి.

"ఎవలమ్మా? ఎవరికోసం?"

నోటికొచ్చింది అన్నాను. "రూము కిరాయికుందా అని అడగనీకొచ్చిన, బిడ్డా."

"గిప్పుడా?" అని విసుక్కోబోయి ఊరుకున్నాడు. "మా అమ్మ చూసుకునేది ఇవన్ని. నాకు సక్కగ తెల్వది. ఆ చివరిది ఖాళీ ఉన్నట్టుంది, రెండు దినాల నుంచి తాళమే ఉంది. రా, చూపిస్త."

వరస వెంబడి నడిచాము. రేకుల కింద తీగల మీద బనియన్లు, తలుపుల ముందు నీళ్ల డ్రమ్ములు. ఆఖరి రూము ముందు నిలబడి ఆయన గుత్తిలో చెవి వెతుకుతున్నాడు. నేను గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తియ్యకు బిడ్డా. లోపల మనిషి పండుకోనుంటడు."

"తాళం బయట పడ్డది కదమ్మా?"

"ఉండనీ. జెర చెవి పెట్టి ఇను."

ఆయన తలుపుకు చెవి ఆనించాడు. లోపల ఎవరో దగ్గి, అటు నుంచి ఇటు ఒత్తిగిల్లి, మళ్లీ గురక మొదలుపెట్టారు. ఆయన మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు. గుత్తిని చప్పుడు కాకుండా పిడికిట్లో పట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"మా అమ్మ గూడ గిట్లనే ఆపేది అందర్ని" అన్నాడు. "నీకు ఎరుకనా మా అమ్మ?"

ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక్క మాట చెబితే ఆయన ఏడ్చేవాడు, ఆయనతోపాటు నేనూ ఏడ్చేదాన్ని. మీ అమ్మ నాకు అక్క అని నాలుక చివరి దాకా వచ్చింది. ఎట్లా అక్క అని ఆయన అడుగుతాడు.

"ఎరుక లేదు బిడ్డా" అన్నాను.

"సరే తియ్యి. అన్నం యాళ్లకు వచ్చినవు. తినకుండ పోవద్దు. మా అమ్మ ఉంటె ఊకోదు."

షామియానా కింద వరసలో కూర్చున్నాను. విస్తరిలో వంకాయ కూర వడ్డించారు. లేత వంకాయలు, ఒక్క పుచ్చు లేదు. ఆమె బంధువుల మధ్య, ఎవరికీ ఏమీ కాని మనిషిలాగా కూర్చుని కడుపునిండా తిన్నాను. మధ్యలో కళ్లు తుడుచుకుంటుంటే వడ్డించే పిల్ల "కారమైందా అత్తా?" అని నీళ్లు తెచ్చి ఇచ్చింది. లేచి చేయి కడుక్కున్నాను. పోయేముందు గోడ నీడలో ఒక నిమిషం నిలబడి, ఆమె ఎప్పుడూ చేసినట్టు సంచీలో చెయ్యి పెట్టి నా సీసాలో దూది ఉందో లేదో తడుముకున్నాను. ఉంది.

గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాను. వెనక ఎవరో ఏదో తలుపు తీయడానికి పోతున్నట్టున్నారు, తాళంచెవులు గలగలమన్నాయి.

తిరిగి చూడలేదు. గేటు దాటాను కదా.